ఎనుముల దోవలో ఏనుగులు

తమ దోవలో ఒకప్పుడు ఏనుగులు నడిచాయన్న సంగతి ఓబుళమ్మకు పక్కింటి లచ్చుమక్క చెప్పింది. లచ్చుమక్కకు చెప్పింది మండలాఫీసులో కసువు చిమ్మే ఆమె వదిన. ఆ వదినకూ ఎవరూ పిలిచి చెప్పలేదు. ఇద్దరు గుమాస్తాలు టీ తాగుతూ మాట్లాడుకుంటుంటే, చిమ్మిన చోటే మళ్ళీ చిమ్ముతూ విన్నది.

“ఒగటీ రెండూ గాదంట మ్మే. బారుగా నడిచినాయంట. మీద రాజులంట, సేతుల్లో కత్తులంట. యుద్ధానికి పోయే దోవంట అది,” అంది లచ్చుమక్క గోడమీద గడ్డం ఆనించి.

“ఏ దోవ?” అంది ఓబుళమ్మ, నెత్తిమీది పేడతట్ట దించకుండానే.

“మన ఎనుముల దోవే.”

“కాపరానికొచ్చి నలపై ఏండ్లయ్యా. పొద్దున, మాపున దాంట్లోనే నడుస్తాండా. ఒగ ఏనుగు లద్దె గూడా కాలికి తగల్లేదే?”

“సరిత్ర గదా, ఎండిపోయింటాది,” అని లచ్చుమక్క తీర్పు చెప్పి, పొయ్యిమీద పప్పు గుర్తొచ్చి లోపలికి పోయింది.

సీమలో గేదెను ఎనుము అంటారు. నల్లబురుజు ఊరి నుంచి పడమటి చేలకు పోయే సన్నటి బాటను ఊరంతా ఎనుముల దోవ అనే పిలుస్తుంది, ఎందుకంటే దాంట్లో నడిచేవి ఎనుములు. దోవ మొదట్లో సగం కూలిన పాతకాలపు బురుజు ఒకటుంది. ఊరికి ఆ పేరు దాన్నుంచే వచ్చింది. మధ్యలో నడుమెత్తు రాయి ఒకటి నిలబడి ఉంటుంది. దాన్ని ఈరన్న అంటారు. దోవ చివర ఓబుళమ్మ చేను. మొత్తం కలిపి, నోట్లో వేసుకున్న వక్క నమలడం అయ్యేంత దూరం. మొగుడు పోయాక ఓబుళమ్మకు మిగిలినవి ఆ చేనూ, రెండు ఎనుములూ. ఈ మూడింటినీ కలిపేది ఆ దోవ.

ఇక ఏనుగులు ఎట్లా వచ్చాయంటారా. అంతకు పదిరోజుల ముందు ఒకాయన గొడుగు వేసుకుని దోవలోకి వచ్చాడు. ఆయన పేరు త్రినాథమూర్తి. హోదా, వారసత్వ నడకల ప్రత్యేకాధికారి. గోదావరి పక్కనుంచి బదిలీమీద కొత్తగా వచ్చాడు. మండలానికొక వారసత్వ నడక ఉండి తీరాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. నడవడం మరిచిన ప్రజలకు ఆరోగ్యాన్నీ చరిత్రనూ ఒకే జత చెప్పులతో అందించడం ఆ పథకం ఆశయం. నడక అనిపించుకోవాలంటే అందులో ఒక చారిత్రక కట్టడం, ఒక యుద్ధ స్మారకం, రెంటినీ కలుపుతూ చారిత్రక నామధేయం గల ఒక దారి ఉండాలి. తక్కిన మండలాల్లో ఒకటుంటే ఒకటి లేదు. త్రినాథమూర్తి బురుజును చూసి సంతోషించాడు, రాయిని చూసి మరింత సంతోషించాడు. దారికి పేరు ఒక్కటే తక్కువ. అప్పుడే ఓబుళమ్మ ఎనుముల్ని తోలుకుంటూ ఎదురొచ్చింది.

“అమ్మా, ఈ దారికి ఏదైనా పేరుందాండీ?”

“ఎనుముల దోవ సామీ.”

గోదావరి పక్క గేదె అంటే గేదే. ఎనుము అన్న మాట ఆయన పుట్టి బుద్ధెరిగాక వినలేదు. వినని మాటను చెవి ఊరికే పోనివ్వదు కదా, తెలిసిన మాటగా మార్చి లోపలికి పంపింది. త్రినాథమూర్తి ముఖం వెలిగింది. కలం తీశాడు.

“ఇప్పుడు కాదు, పూర్వం. పూర్వం ఎన్ని ఉండేవమ్మా ఈ ఊళ్ళో?”

“మా అత్త కాలంలో శానా ఉండె. ఇంటికి నాలుగు.”

“ఇంటికి నాలుగా!”

“పేదోళ్ళకు గూడా ఒగటన్నా ఉండె సామీ. అది గూడా లేకుంటే ఎట్ల బతుకుతారు?”

ఆయన గబగబా పేజీ తిప్పాడు. ‘సామాన్యులు సైతం గజసంపన్నులు’ అని రాసుకున్నాడు.

“స్నానం ఎక్కడ చేయించేవారు?”

“కుంటలో. దాంట్లో పడుకుంటే లేస్తాయా ఏమన్నా?”

“యుద్ధం చేసేవా?”

“కట్టెయ్యకుంటే ఒగదాన్నొగటి పొడుసుకుంటాండె.”

“మరి ఈ రాయి?”

“ఈరన్న సామీ. మా మామోళ్ళకు పెద్దోడు. దొంగలొచ్చి ఎనుముల్ని తోలకపోతాంటే అడ్డం పడి, ఈడనే సచ్చిపోయినాడు. ఎనుము ఈనితే తొలిపాలు ఈ రాయికి పోసినాకే ఇంట్లో తాగుతాం.”

త్రినాథమూర్తి గొడుగు మూసి రాయి ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు. పైన కత్తి పట్టిన మనిషి, కింద వరసగా మూడు జంతువులు చెక్కి ఉన్నాయి. వాటి తలల దగ్గర వంపు తిరిగిన మొనలు కనిపించాయి. ‘దంతాలు సుస్పష్టం. తొండములు మాత్రం కాలప్రభావం చేత అరిగిపోయినవి’ అని రాశాడు. ఆ తరవాత లేచి, “మీ గేదెల్ని కాస్త పక్కకు తోలండమ్మా, ఫొటోలో పడుతున్నాయి,” అన్నాడు. గేదెలంటే ఏమిటో ఓబుళమ్మకు టీవీ పుణ్యాన తెలుసు. పక్కకు తోలింది.

నెల తిరక్కుండా బోర్డులు లేచాయి. బురుజు దగ్గరొకటి, రాయి దగ్గరొకటి, మొదట్లో అన్నిటికంటే పెద్దదొకటి: ‘గజపథం. గజసైన్య రక్షణార్థం అసువులు బాసిన వీరుని యుద్ధ స్మారకము మీదుగా వారసత్వ నడక.’ ఓబుళమ్మ చదువుకున్నది మూడో తరగతే. గజం అంటే బట్టలు కొలిచేదని ఆమెకు తెలుసు. దోవను ఎవరో కొలిచినట్టున్నారు అనుకుంది.

ప్రారంభోత్సవానికి జిల్లా నుంచి పెద్ద అధికారి వచ్చాడు. నడకను జీపులో ప్రారంభించారు. బాటలో జీపు పట్టదు కాబట్టి పక్కనున్న చేలల్లోంచి తోలించి, కిటికీలోంచి చూస్తూ, “నడకే జీవనం, నడకే సంస్కృతి,” అని మైకులో చెప్పాడు. రిబ్బను కత్తిరించాలని చూస్తే అప్పటికే అది తెగి ఉంది. తెల్లారకముందే చేనికి పోయిన ఓబుళమ్మ పెద్ద ఎనుము కొమ్ముకు మూరెడు ఎర్ర రిబ్బను వేలాడుతూ ఉండింది. ఈ విషయం నివేదికలో చేరలేదు.

నడకకు ఒక మార్గదర్శిని కూడా నియమించారు, పేరు మాబుసా. ఊరివాడే. కొన్నాళ్ళు బస్సులో కండక్టరుగా చేసి మానేశాడు. మెళ్ళో విజిల్ ఇంకా అట్లాగే ఉంది. నియమాల కాగితం చేతిలో పెట్టుకుని రాయి దగ్గర నిలబడ్డాడు. దాని ప్రకారం దోవలో కాలు పెట్టిన ప్రతి ఒక్కరూ నడకరి. నడకరి రిజిస్టరులో పేరు రాయించుకోవాలి. స్మారకం ముందు ఒక నిమిషం మౌనంగా నిలబడాలి. బోర్డులు చదవాలి, చదవడం రాకపోతే చదివినంత సేపు వాటి ముందు ఆగాలి.

నడకరులు ఎవరూ రాలేదు. ఓబుళమ్మ ఒక్కతే వచ్చింది. రోజుకు నాలుగుసార్లు వచ్చింది.

మొదటిరోజు సాయంత్రం నెత్తిన గడ్డిమోపుతో ఆమె రాయి దగ్గరికి రాగానే మాబుసా విజిల్ ఊదాడు.

“అక్కా, స్టాప్. నిమిషం మౌనం.”

“ఏందిరా అది?”

“ఈరన్నకు మర్యాద.”

“మోపు నెత్తిన పెట్టుకునేనా?”

“మోపు సంగతి కాయితంలో లేదు. నోరు సంగతే ఉండాది.”

ఓబుళమ్మ నిలబడింది. ఎనుములు నిలబడలేదు. చిన్న ఎనుము రాయికి వీపు గోక్కుని, బోర్డుకు కూడా ఒకసారి గోక్కుని, ముందుకు పోయింది.

“దాన్ని ఆపక్కా!”

“మౌనంగా ఉండమంటివి గదా, పిలిసేకి నోరు యాడుంది?” అంది ఓబుళమ్మ. మాబుసా తప్పు తనదేనని ఒప్పుకుని, మళ్ళీ మొదట్నుంచి నిమిషం లెక్కపెట్టాడు.

వారం తరవాత ఇంకో బోర్డు వచ్చింది: ‘గజపథమునందు గేదెలకు ప్రవేశము నిషిద్ధము.’ మాబుసా దాన్ని గట్టిగా చదివి వినిపించి తల గీరుకున్నాడు. వాడికీ ఓబుళమ్మకూ పోట్లాటేమీ లేదు. ఆమె ఇంట్లో మజ్జిగ తాగి పెరిగినవాడే.

“మాయి గేదెలు గాదు గదా,” అంది ఓబుళమ్మ. “ఎనుములు. ఊర్లో ఎవర్నన్నా అడుగు.”

మాబుసా ఆలోచించాడు. బోర్డులో ఎనుములు అన్న మాట ఎంత వెతికినా లేదు. బస్సులో ఉన్నన్నాళ్ళూ వాడు రాసి ఉన్నదాన్ని తప్ప ఇంకోదాన్ని ఆపి ఎరగడు. “రైట్ రైట్,” అని విజిల్ ఊది పంపించాడు. ఎక్కిన ప్రతిదాన్నీ రాయాలి కాబట్టి రిజిస్టరులో నిజాయితీగా రాశాడు: ‘నడకరి ఒకరు. వెంట ఎనుములు రెండు.’ నెలంతా పూటపూటా అట్లాగే రాశాడు.

నెలాఖరుకు రిజిస్టరు ఆఫీసుకు పోయింది. అక్కడి గుమాస్తా కూడా గోదావరి పక్కవాడే. ఎనుములు అన్న మాట చూసి, పాపం మాబుసాకు అక్షరాలు సరిగ్గా రావని జాలిపడ్డాడు. తిరగరాసేటప్పుడు ప్రతి చోటా శ్రద్ధగా దిద్దాడు. జిల్లాకు చేరిన నివేదికలో గజపథంలో రోజుకు నాలుగుసార్లు రెండు ఏనుగులు సంచరిస్తున్నట్టు, వాటి వెంట ఒక స్త్రీ నిర్భయంగా నడుస్తున్నట్టు స్పష్టంగా ఉంది.

జిల్లా ఉలిక్కిపడింది. వందల ఏళ్ళ తరవాత ఏనుగులు తమ పూర్వీకుల దారిని వెతుక్కుంటూ వచ్చాయి. రెండు శాఖలవాళ్ళు కలిసి పరిశీలనకు వచ్చారు. కుంట గట్టున బురదలో పెద్ద జంతువులు పొర్లిన గుర్తులున్నాయి. దోవ పొడుగునా పేడ ఉంది. పరిమాణాన్ని బట్టి ఇవి పిల్ల ఏనుగులై ఉండవచ్చునని ఒక శాఖ అంది, సరిగ్గా మేత లేక చిక్కిన పెద్ద ఏనుగులని ఇంకో శాఖ అంది. రెండు అభిప్రాయాల్నీ గౌరవిస్తూ ఉత్తర్వు వెలువడింది. సదరు గజపథమును సజీవ గజసంచార మార్గముగా గుర్తించడమైనది. గజములకు అంతరాయం కలుగకుండుటకు గాను, తదుపరి ఉత్తర్వుల వరకు, సదరు మార్గమున మానవులు నడవడం పూర్తిగా నిషేధించడమైనది.

వారసత్వ నడక అట్లాగే ఉంది. దాంట్లో నడవకూడదు, అంతే.

దోవకు రెండు కొసలా ఇనుప గేట్లు పెట్టి, అటూ ఇటూ ముళ్ళకంచె లాగారు. మాబుసాను కావలికి మార్చారు. విజిల్ అదే. ఇంతకు ముందు నడకరులు నిలబడాలని ఊదేవాడు, ఇప్పుడు కదలాలని ఊదుతున్నాడు.

ఓబుళమ్మ చేను గేటుకు అవతల పడింది. పక్క చేలల్లో పైరు మీదుగా ఎనుముల్ని ఎవరూ పోనివ్వరు. ఇక మిగిలింది గుట్ట చుట్టూ తిరిగి పోయే తారురోడ్డు. పొద్దున పాలు పిండి బయల్దేరితే చేను చేరేసరికి ఎండ నెత్తికెక్కేది. ఎనుములు సగం దారిలో రొప్పుతూ నిలబడేవి. వచ్చిపోయే లారీలకు బెదిరి అవి పాలు తగ్గించాయి. సరిగ్గా చెనిక్కాయ, అంటే వేరుశనగ, పీకే కాలం. ఆమె ఆలస్యంగా పోయిన ప్రతిరోజూ అడవిపందులు ముందే వచ్చి పీకడం మొదలుపెట్టి ఉండేవి. పందులు వచ్చేది కంచె కిందుగా, మూసిన దోవలోంచే. ఉత్తర్వులో మానవులు అని ఉంది కాబట్టి వాటిని మాబుసా ఏమీ అనలేకపోయాడు.

“ఇట్లే రోంతసేపు గేటు తియ్యిరా. ఎనుముల్ని తోలుకుని ఉరికిపోతా,” అని అడిగింది ఒకరోజు.

“తీస్తా అక్కా. నా ఉద్యోగం పోతాది. పోతే పోనీ, తీయమంటావా?” అన్నాడు మాబుసా. వాడికి ముగ్గురు ఆడపిల్లలు. ఓబుళమ్మ తారురోడ్డు పట్టుకుని పోయింది.

ఏనుగులు ఎక్కణ్ణుంచి వచ్చాయో ఆఖరికి కనిపెట్టింది లచ్చుమక్కే. ఏనుగు, ఎనుము అని నాలుగుసార్లు గట్టిగా అనుకుని, గోడ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. “మ్మే, వాళ్ళకు సెవుడు!” అంది.

మర్నాడు ఓబుళమ్మ పెద్ద ఎనుమును తోలుకుని మండలాఫీసుకు పోయింది. దాన్ని మెట్ల కింద నిలబెట్టి త్రినాథమూర్తిని బయటికి పిలిపించింది. ఆయన మర్యాదస్తుడు. వచ్చి నమస్కారం పెట్టాడు.

“సామీ, నేను ఆ పొద్దు సెప్పింది ఏనుగు గాదు, ఎనుము. ఇదీ ఎనుమంటే. మీ పక్క గేదంటారు సూడు, అదే. దీనికి తొండం ఉండాదేమో సూసి సెప్పు.”

త్రినాథమూర్తి ఎనుమును చూశాడు. ఎనుము ఆయన్ను చూసింది. ఆయన ముఖంలో చాలాసేపు ఏవేవో కదిలాయి. పథకం, బోర్డులు, పెద్ద అధికారి ఉపన్యాసం, రెండు శాఖల సంతకాలు ఒక్కొక్కటే వచ్చి పోయినట్టున్నాయి. చివరికి గొంతు సవరించుకున్నాడు.

“తొండం లేకపోవడం కొత్త విషయం కాదమ్మా. స్మారకం మీద కూడా లేదు.”

“అయ్యో నా సామీ! ఆ రాతిమీద ఉండేవీ ఎనుములే.”

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “వ్యక్తిగతంగా మీ మాట నేను నమ్ముతున్నానండి. కానీ కార్యాలయపరంగా నమ్మడానికి ఒక పద్ధతుంది. ఏనుగులు లేవని మీరు అర్జీ పెట్టుకోవాలి. ఇదిగో నమూనా. ఏనుగు చివరిసారి ఎప్పుడు కనిపించింది?”

“ఎప్పుడూ కనబళ్ళే.”

“ఆ గడి ఖాళీగా ఉంచడానికి వీల్లేదమ్మా. చివరిసారి కనిపించిన తేదీ వేస్తే, అక్కణ్ణుంచి ఆరునెలలు పరిశీలించి, కనిపించకపోతే మార్గాన్ని మనుషులకు విడుదల చేస్తాం.”

“ఎవరు పరిశీలిస్తారు?”

“సిబ్బంది దోవలో నడిచి పరిశీలించాలండి.”

“నడవకూడదంటిరి గదా?”

“అవునమ్మా,” అన్నాడు త్రినాథమూర్తి నిజంగానే బాధపడుతూ. “అక్కడే పని ఆగింది.”

ఓబుళమ్మ ఎనుమును మళ్ళించుకుని ఇంటికి వచ్చింది. చెనిక్కాయలో పందులకు పోగా మిగిలింది పీక్కుంది. ఆ కార్తెలో చిన్న ఎనుము ఈనింది. తొలిపాలు చెంబులో పోసుకుని గేటు దాకా పోయి, కడ్డీల సందులోంచి చెయ్యి చాచి, రాయి ఉన్న దిక్కుకు వంపింది. మాబుసా అటు తిరిగి నిలబడ్డాడు. పాలు గేటు అవతల మూరెడు దూరంలో ఇంకిపోయాయి.

వానలు పడ్డాయి. తొక్కే కాలు లేని దోవలో మొదట పల్లేరు వచ్చింది, తరవాత తంగేడు, ఆ తరవాత కంపచెట్లు. వయ్యారిభామ కలుపు నడుమెత్తు లేచి తెల్లగా పూసింది. బోర్డులు ఆకుల్లో మునిగాయి. పడమటి చేలకు పోయే నలుగురైదుగురు రైతులు కూడా తారురోడ్డుకు అలవాటు పడ్డారు. మనుషుల తాకిడి లేక మార్గం అత్యంత సహజ స్థితికి చేరుకున్నదని నివేదికలు పోతూ వచ్చాయి.

అట్లా సంవత్సరం తిరిగేసరికి రాష్ట్రం మొత్తంమీద చెక్కుచెదరని వారసత్వ నడకగా నల్లబురుజు గజపథాన్ని ఎంపిక చేశారు. తక్కిన జిల్లాల్లో నడకలు జనం నడిచి నడిచి పాడయ్యాయట. సన్మానానికి ముందు స్వయంగా నడిచి చూడడానికి రాజధాని నుంచి ఒక సంఘం వచ్చింది. తెల్లటి టోపీలు, తెల్లటి బూట్లు. స్మారకం మీద ఉంచడానికి చక్రమంత పూలదండ. సంఘానికి అధ్యక్షురాలు ఒక పెద్దావిడ. మానవులు నడవకూడదన్న ఉత్తర్వు ఉంది కదా అని ఎవరో సందేహం లేవదీస్తే, “పరిశీలకులు నడకరుల నిర్వచనంలోకి రారు,” అని ఆవిడే తీర్చింది.

మాబుసా తాళం తీశాడు. గేటు తుప్పుపట్టి గట్టిగా అరిచింది. సంఘమంతా ఒక అడుగు ముందుకేసి ఆగిపోయింది. ఎదురుగా పచ్చగా అడవి. అందులో ఏ పక్క చూసినా ఒకటే ఎత్తు.

“నడక ఎక్కడుంది?” అంది అధ్యక్షురాలు.

“ఇక్కడే ఉండాలండి,” అన్నాడు త్రినాథమూర్తి పటం తిప్పి చూస్తూ. పటంలో ఎర్రటి గీత చక్కగా ఉంది. ఇద్దరు సభ్యులు పొదలోకి దిగి, ముళ్ళు గుచ్చుకుని వెనక్కి వచ్చారు. మాబుసా కూడా పది అడుగులు పోయి, ఏ పక్కో తెలియక విజిల్ ఊదాడు. బదులేమీ రాలేదు. పూలదండ పట్టుకున్న మనిషి చేతులు మార్చుకున్నాడు.

“స్మారకమన్నా చూపించండి, నమస్కారం పెట్టుకుని పోతాం,” అంది అధ్యక్షురాలు. ఆవిడ గొంతులో విసుగు లేదు, నిజంగానే పెట్టుకోవాలనుంది. కానీ రాయి ఆ ఆకుల్లో ఎక్కడుందో చెప్పగలిగినవాళ్ళు అక్కడ ఎవరూ లేరు.

సరిగ్గా అప్పుడు తారురోడ్డు మీద, నెత్తిన సొప్పకట్టతో, ముందర రెండు ఎనుములతో ఓబుళమ్మ వస్తోంది. త్రినాథమూర్తి ఎదురు పరిగెత్తాడు. ఆయన చొక్కా వీపున తడిసి అంటుకుపోయి ఉంది.

“అమ్మా, మీరు నలభై ఏళ్ళు నడిచారు కదా. ఆ దారి ఎక్కడుందో ఒక్కసారి చూపించండమ్మా. పెద్దవాళ్ళొచ్చారు.”

ఓబుళమ్మ గేటు దాకా వచ్చింది. మోపు దించలేదు. వయ్యారిభామ పూలను, టోపీలను, పూలదండను వరసగా చూసింది. ఎనుములు మాత్రం ఆగకుండా గేటు సందులోకి ముట్టె పెట్టి, ఎడమ పక్కకు తిరిగి నిలబడ్డాయి.

“సూపించేది నోటితో అయ్యే పని గాదు సామీ, కాళ్ళతో అయ్యే పని. ముందర ఎనుములు పోవాల, వాటెనక నేను పోవాల, నా ఎనక మీరు రావాల. మరి నేను నడవచ్చునా, నడవగూడదా, ముందు అది సెప్పండి.”